రెండు సీసాల తగవు

గత సంచిక ఆరోగ్యం పుటలో ఒక మిత్రులు రెండు మాత్రలను ప్రక్కప్రక్కన నిలబెట్టి తూచారు. ఒకటి విటమిన్ ఇ, రెండవది బీటా కెరోటిన్. రెండూ యాంటీ ఆక్సిడెంట్లే, రెండూ ముసలితనాన్ని వెనక్కి నెట్టేవే అని చెప్పి, సీసా ధర ఎన్ని దినార్లు, మాత్రకు ఎన్ని మిల్లీగ్రాములు, ఎవరికి ఏది నప్పుతుంది అని గళ్ళు గీసి మరీ చూపించారు. చర్మానికీ గుండెకూ మొదటిది, కంటికీ ఊపిరితిత్తులకూ రెండవది అన్నారు. చివరకు, సిత్రాలో ఉండి రిఫైనరీ గాలి పీల్చే మనబోటివారికి, అందులోనూ సిగరెట్టు అలవాటున్నవారికి, రెండవదే మేలని తీర్పు చెప్పారు.

వ్రాసినవారు నాకు అన్నగారి వంటివారు. నేను 1997లో ఈ దీవిలో దిగిన కొత్తల్లో, ఇల్లు దొరికేవరకు వారింట్లోనే తిన్నాను. వదినగారు చేసిన గోంగూర పప్పు ఋణం ఇంకా తీరలేదు. అయినా ఈ తీర్పు తప్పు అని చెప్పక తప్పదు. అక్షరం జారిన తప్పయితే ఊరుకునేవాణ్ణి. ఇది ఎవరికి ఇవ్వకూడదో సరిగ్గా వారికే ఇవ్వమని చెప్పిన తప్పు.

ఊరుకోకపోవడానికి ఇంకొక కారణం ఉంది. పత్రిక వచ్చిన వారానికి, సిత్రా పారిశ్రామిక వాడలోని ఒక కార్మికుల క్యాంపుకు పనిమీద వెళ్ళాను. అక్కడ జగిత్యాల వైపు కుర్రవాడొకడు సెల్‌ఫోన్‌లో మన పత్రిక పుట బొమ్మ చూపించి, "సారూ, గీ రెండిట్ల ఏది మంచిగుంటది? మా బాపుకు పంపాలె. బీడీలు శాన తాగుతడు, దగ్గు వడ్తలేదు" అని అడిగాడు. వాడి జీతం నెలకు నూరు దినార్లకు అటూఇటూ. వాడికి ఆ గళ్ళు అర్థం కాలేదు గాని, చివరి తీర్పు బాగానే అర్థమయింది. చదువుకున్న సార్లు అచ్చేశారు గనుక నిజమే అయి ఉంటుందని వాడి నమ్మకం. మనం మన నలభై ఇళ్ళవాళ్ళ కోసమే వ్రాసుకుంటున్నామనుకుంటాం. మాట అక్కడ ఆగదు.

ఇంతకూ ఈ యాంటీ ఆక్సిడెంట్ అనే మాట ఎక్కడినుంచి వచ్చింది? మందుల దుకాణంలో పుట్టింది కాదు. మన రిఫైనరీవాళ్ళ ఇంటి మాటే. ఇక్కడి రిఫైనరీ 1936 నుంచీ నడుస్తున్నది. మనలో సగంమంది దాని నీడనో, దాని ట్యాంకుల నీడనో అన్నం తింటున్నాం కాబట్టి ఈ సంగతి వివరంగా చెప్పినా విసుగు పుట్టదనుకుంటాను. క్రాకింగ్‌లో వచ్చిన పెట్రోలును ఏమీ కలపకుండా ట్యాంకులో నిలవ ఉంచితే, అందులోని ఓలిఫిన్లు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి, పెరాక్సైడ్లయి, చివరకు జిగురుగా తేలతాయి. దీన్నే మనం గమ్ అంటాం. ఇంజనులో వాల్వులకు అంటుకునేది అదే. ఆ వరస చర్యను నడిపించేవి ఫ్రీ రాడికల్స్. ఒకటి పుడితే ఇంకొకదాన్ని పుట్టిస్తుంది, కొరివి ఒక పాకనుంచి ఇంకో పాకకు ఎగిరినట్టు. ఆ గొలుసు తెంచడానికి టన్నుకు కొన్ని గ్రాముల చొప్పున యాంటీ ఆక్సిడెంట్ కలుపుతాం. అది పనిచేస్తుంది. అందులో సందేహం లేదు. ఆ మందుల్లో ఒకటైన బి.హెచ్.టి.ని నూనె పదార్థాలు కారకుండా ఉండడానికి తినుబండారాల్లో కూడా వాడతారు. పిల్లల చిప్సు పొట్లం వెనక ఇ 321 అని కనిపిస్తే అది ఇదే.

ఇప్పుడు అసలు సంగతి. డెన్హాం హార్మన్ అనే అమెరికన్ రసాయన శాస్త్రజ్ఞుడు కాలిఫోర్నియాలో షెల్ కంపెనీ పరిశోధనశాలలో ఏళ్ళ తరబడి ఈ ఫ్రీ రాడికల్స్ మీదనే పనిచేశాడు. తరువాత ఆ ఉద్యోగం వదిలి, వైద్యం చదివి, 1954లో బర్కిలీలో కూర్చుని మనుషులు ముసలివాళ్ళెందుకవుతారని ఆలోచించాడు. పెట్రోలు చెడిపోయే పద్ధతిలోనే శరీరమూ చెడిపోతుందేమోనని ఆయనకు తోచింది. 1956లో ఆ సిద్ధాంతం అచ్చయింది. గొప్ప ఊహ. తప్పుపట్టవలసింది ఆ ఊహను కాదు. ట్యాంకులో పనిచేసింది కనుక కడుపులోనూ పనిచేస్తుందని దానిమీద కట్టిన వ్యాపారాన్ని. హార్మన్ స్వయంగా ఎలుకలకు యాంటీ ఆక్సిడెంట్లు పెట్టి చూస్తే వాటి సగటు ఆయుష్షు కొంత పెరిగింది గాని, ఎలుక బ్రతకగల గరిష్ఠ వయసు పెరగలేదు. ఆయన 98 ఏళ్ళు బ్రతికి 2014లో పోయారు. ఈ మాట చెప్పగానే "చూశారా!" అనేవాళ్ళుంటారు. మా ఊళ్ళో పూటకో గ్లాసు కల్లు తాగి 96 ఏళ్ళు బ్రతికిన మనిషిని నేనెరుగుదును. అందుకని కల్లును మన పత్రిక ఆరోగ్యం పుటలో వేయమని అడగలేదు.

పెట్రోలు చచ్చిన సరుకు. దానికి పనేమీ లేదు, కాలేవరకు ట్యాంకులో పడి ఉండడమే. శరీరం అలా కాదు. మన రక్తంలోని తెల్లకణాలు సూక్ష్మజీవులను చంపడానికి ఈ ఫ్రీ రాడికల్స్‌నే తయారుచేసి మీద చల్లుతాయి. ఎక్కువైనవాటిని అణచడానికి శరీరమే స్వంతంగా ఎంజైములు పెట్టుకున్నది. సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ అనేదాన్ని 1969లో కనిపెట్టారు. అంటే ఇంట్లో పొయ్యీ ఉంది, పొయ్యిమీద కన్నేసే మనిషీ ఉంది. బయటినుంచి వచ్చి పొయ్యిలో నీళ్ళు పోసేవాడు ఇంటికి ఉపకారం చేసినట్టు కాదు.

ఈ ముక్కకు ఋజువు అడిగితే చెబుతాను. 2009లో జర్మనీ పరిశోధకులు సుమారు నలభైమంది యువకులచేత నాలుగు వారాలు వ్యాయామం చేయించారు. సగంమందికి రోజూ విటమిన్ సి 1000 మిల్లీగ్రాములు, విటమిన్ ఇ 400 యూనిట్లు ఇచ్చారు. మాత్రలు లేనివాళ్ళలో ఇన్సులిన్ బాగా పనిచేయడం మొదలుపెట్టింది. మాత్రలు మింగినవాళ్ళలో ఆ లాభం కనబడలేదు. వ్యాయామంలో పుట్టే ఆ కాస్త రాడికల్సే శరీరానికి "మేలుకో" అని చెప్పే కబురు అనీ, మాత్ర ఆ కబురును దారిలో ఆపేసిందనీ వారి వివరణ. చిన్న పరీక్షే, కాదనను. కాని మనలో చక్కెర జబ్బు లేని ఇల్లు వెతికితే దొరుకుతుందా? సాయంత్రం ఎండ తగ్గాక సముద్రపుటొడ్డున గంట నడిచివచ్చి, ఇంటికి రాగానే ఈ రెండు మాత్రలూ వేసుకునే పెద్దమనుషులు నాకు ముగ్గురు తెలుసు.

ఇక అన్నగారు గళ్ళు గీసి అడిగిన ప్రశ్నకు వద్దాం. ఈ రెండిట్లో ఏది మేలు? చమత్కారమేమంటే, సరిగ్గా ఈ రెండు మాత్రలనే, సరిగ్గా సిగరెట్టు త్రాగేవాళ్ళ మీదనే, పక్కపక్కన పెట్టి పరీక్షించారు. ఫిన్లాండులో 1985లో మొదలుపెట్టారు. 50కీ 69కీ మధ్య వయసు మగవాళ్ళు, రోజుకు కనీసం ఐదు సిగరెట్లు కాల్చేవాళ్ళు, మొత్తం 29,133 మంది. చీట్లు తీసినట్టు వారిని నాలుగు జట్లు చేశారు. ఒక జట్టుకు విటమిన్ ఇ 50 మిల్లీగ్రాములు, ఒక జట్టుకు బీటా కెరోటిన్ 20 మిల్లీగ్రాములు, ఒక జట్టుకు రెండూ, ఒక జట్టుకు ఉత్తుత్తి మాత్ర. ఎవరికి ఏది అందుతున్నదో మింగేవాడికీ తెలియదు, ఇచ్చే డాక్టరుకూ తెలియదు. ఐదునుంచి ఎనిమిదేళ్ళు ఇలా నడిచింది. 1994 ఏప్రిల్‌లో ఫలితం అచ్చయింది. బీటా కెరోటిన్ మింగినవాళ్ళలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గలేదు సరిగదా, 18 శాతం పెరిగింది. మొత్తం మరణాలు 8 శాతం పెరిగాయి. విటమిన్ ఇ ఊపిరితిత్తులకు ఏ సాయమూ చేయలేదు. ప్రోస్టేట్ క్యాన్సర్ తక్కువగా కనిపించింది, మెదడులో రక్తం చిమ్మి పోయినవాళ్ళు ఎక్కువగా కనిపించారు.

పరీక్ష పెట్టినవాళ్ళు బీటా కెరోటిన్ శత్రువులు కారు. దానిమీద ఆశతోనే పెట్టారు. క్యారెట్లూ ఆకుకూరలూ బాగా తినేవాళ్ళకు ఈ క్యాన్సర్ తక్కువని అంతకుముందే గమనించారు. 1981లో రిచర్డ్ పీటో మొదలైనవారు ఇందులో బీటా కెరోటిన్ ప్రభావం ఉందేమో పరీక్షించి చూడాలని వ్రాశారు. చూశారు. కారున్న ఇళ్ళ పిల్లలకు మార్కులు బాగా వస్తున్నాయని, మన పిల్లవాడికి కారు తాళంచెవి మింగించినట్టయింది. ఆకుకూర తినేవాడు ఆకుకూర ఒక్కటే తినడు. వేళకు తింటాడు, బహుశా సిగరెట్టు తక్కువ కాలుస్తాడు, ఆకులో నూరు పదార్థాలుంటాయి. అందులోంచి ఒకదాన్ని లాగి, పదింతలు చేసి, సీసాలో పోస్తే అది ఆకుకూర కాదు.

ఫిన్లాండు లెక్క పొరపాటేమో అనుకోవడానికి వీలు లేకుండా అమెరికాలో రెండో పరీక్ష నడుస్తున్నది. అది సిగరెట్లు త్రాగేవాళ్ళమీద, ఆస్బెస్టాస్‌తో పనిచేసినవాళ్ళమీద. ఇది మన వృత్తివాళ్ళు చెవులు రిక్కించి వినవలసిన మాట. పాత ప్లాంట్లలో ఆవిరి గొట్టాలకు చుట్టినది అదే. 18,314 మందికి బీటా కెరోటిన్, విటమిన్ ఎ కలిపి, లేదా ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. 1996 జనవరిలో, గడువుకు 21 నెలల ముందే, పరీక్ష ఆపేశారు. మందు జట్టులో ఊపిరితిత్తుల క్యాన్సర్ 28 శాతం ఎక్కువ, మరణాలు 17 శాతం ఎక్కువ. రిఫైనరీ గాలికి రెండవదే మేలని వ్రాసిన అన్నగారు ఈ పేరా ఇంకోసారి చదవాలని ప్రార్థన.

అయితే విటమిన్ ఇ గెలిచినట్టేనా? ఫిన్లాండులో ప్రోస్టేట్ క్యాన్సర్ తగ్గినట్టు కనిపించిందన్నాను కదా. అది పట్టుకుని 2001లో అమెరికాలో, కెనడాలో ఇంకొక పెద్ద పరీక్ష మొదలుపెట్టారు. ఈసారి విటమిన్ ఇకి జోడీ సెలీనియం. మళ్ళీ రెండు సీసాల తగవే! 35,533 మంది మగవాళ్ళు. రోజుకు 400 యూనిట్లు. అంటే మందుల షాపుల్లో మామూలుగా దొరికే మోతాదు, మనిషికి రోజుకు కావలసినదానికి పదిరెట్లకు పైన. లాభం లేదని 2008లో మాత్రలు ఆపించారు. 2011లో లెక్క తేలింది: విటమిన్ ఇ ఒక్కటే మింగినవాళ్ళలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువ. తగ్గించడానికి ఇచ్చినది పెంచింది.

ఇక్కడ అన్నగారి పక్షాన నేనే కొన్ని వాదనలు చెబుతాను, నాకు ఎదురైనవే.

"మేము సిగరెట్లు త్రాగం, మాకేమిటి నష్టం?" అంటారు. న్యాయమైన ప్రశ్న. అమెరికాలో 22,071 మంది డాక్టర్లు రోజు విడిచి రోజు 50 మిల్లీగ్రాముల బీటా కెరోటినో, ఉత్తుత్తి మాత్రో పన్నెండేళ్ళు మింగారు. వారిలో పొగ త్రాగేవాళ్ళు చాలా తక్కువ. 1996లో ఫలితం వచ్చింది. నష్టమూ లేదు, లాభమూ లేదు. ఆడవాళ్ళ సంగతి అంటారా, 39,876 మంది విటమిన్ ఇ మీద పదేళ్ళు పరీక్షకు నిలబడ్డారు. 2005లో చూస్తే మొత్తంమీద క్యాన్సరూ తగ్గలేదు, గుండెపోటూ పక్షవాతమూ తగ్గలేదు. పన్నెండేళ్ళు సున్నా కోసం మింగడానికి మీకు ఓపికుంటే, ఆ దినార్లు మీవి. కాని 2012లో ఇలాంటి 78 పరీక్షలను, 2,96,707 మందిని ఒకచోట చేర్చి లెక్క చూసినవారు ఆయుష్షు పెరిగిన జాడ లేదనీ, బీటా కెరోటిన్, విటమిన్ ఇ మరణాలను కాస్త పెంచుతున్నట్టే ఉన్నాయనీ తేల్చారు. అమెరికా ప్రభుత్వం నియమించిన నిపుణుల సంఘం 2022లో గుండెజబ్బుల, క్యాన్సర్ల నివారణ కోసం ఈ రెండిటినీ వాడవద్దని సలహా ఇచ్చింది. సరిగ్గా ఈ రెండిటినే.

"నాకు వాడిన తరువాత ఒంట్లో బాగుంది, మొహం నిగనిగలాడుతున్నది" అనే వాదనకు నా దగ్గర జవాబు లేదు. బీటా కెరోటిన్ ఎక్కువైతే ఒంటికి పసుపురంగు వస్తుంది, అది నిజం. పేరంటానికి పనికొస్తుంది.

"విటమినే కదా, ఎక్కువైతే ఏమవుతుంది?" అన్నది అన్నిటికంటే గట్టి నమ్మకం. దీనికి జవాబు మన తెలుగువాడే చెప్పాడు. 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారి అన్నదమ్ములు స్ప్రూ అనే జబ్బుతో పోయారు. ఆయన అమెరికా వెళ్ళి, లెడర్లీ కంపెనీలో పరిశోధనకు నాయకత్వం వహించి, 1945 నాటికి ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేయించారు. స్ప్రూకు అది మందయింది. అంతవరకూ మనమందరమూ సభల్లో చెప్పుకుంటాం. తరువాతి సంగతి చెప్పుకోం. బోస్టనులో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్త క్యాన్సర్ పిల్లలకు ఆ ఫోలిక్ జాతి మందులే ఇచ్చి చూస్తే జబ్బు తగ్గడం మాని ముందుకు ఉరికింది. లోపమున్న రోగికి ప్రాణం పోసిన విటమినే, ఈ పిల్లల్లో జబ్బు కణాలకు మేత అయింది. అప్పుడు సుబ్బారావుగారి బృందమే ఆ విటమినుకు విరోధి అయిన అమినాప్టెరిన్‌ను చేసి ఇచ్చింది. 1948లో ఫార్బర్ దానితోనే మొదటిసారి ఆ పిల్లలకు కొంతకాలమైనా ఉపశమనం చూపించాడు. సుబ్బారావుగారు ఆ ఏడే కన్నుమూశారు. విటమినును చేసినవాడే, అది ఎక్కడ పనికిరాదో తెలిసి దాన్ని అడ్డుకునేదీ చేశాడు. మనం ఆయన పటానికి దండ వేసి, ఇంటికి వచ్చి, విటమిను ఎక్కువైతే ఏమవుతుందని అడుగుతున్నాం.

నేను మాత్రలన్నిటికీ విరోధిని కాను. గర్భిణికి ఫోలిక్ ఆమ్లం ఇవ్వాలి. శాకాహారులకు బి 12 తక్కువైతే ఇవ్వాలి. ఇంత ఎండ ఉన్న దేశంలో, ఎండకు జడిసి ఏసీ గదిలోనుంచి ఏసీ కారులోకి దూకే మన ఇళ్ళలో విటమిన్ డి తక్కువగా ఉండడం మామూలే. రక్తం పరీక్ష చేయించి డాక్టరు ఇస్తే వేసుకోవాలి. వయసు మీద కంటిపొర మధ్యభాగం దెబ్బతినే జబ్బు ఒకటుంది. అది ఒక దశకు వచ్చినవాళ్ళకు యాంటీ ఆక్సిడెంట్లూ జింకూ కలిపిన మాత్ర జబ్బు ముదరడాన్ని నెమ్మదిపరుస్తుందని 2001లో తేలింది. అక్కడ కూడా, సిగరెట్టు త్రాగినవాళ్ళకు ప్రమాదమని తరువాత బీటా కెరోటిన్‌ను తీసేసి, వేరే పదార్థాలు పెట్టి పరీక్షించి 2013లో ప్రకటించారు. ఇవన్నీ లోపానికో జబ్బుకో మందులు. ఆరోగ్యంగా ఉన్నవాడి వయసు వెనక్కి తిప్పేవి కావు. ఇంకొక మాట: రక్తం పల్చబడే మందు వాడుతున్నవాళ్ళు విటమిన్ ఇ పెద్ద మోతాదులో వేసుకుంటే రక్తస్రావం ప్రమాదం పెరగవచ్చు. గుండె ఆపరేషన్ అయిన తల్లిదండ్రులకు సీసాలు మోసుకెళ్ళేవారు ఇది డాక్టరునడగకుండా చేయరాదు.

ఇంతా చదివి, "అందుకే ఇంగ్లీషు మాత్రలొద్దు, మన పసుపు మాత్ర, ఉసిరి మాత్ర వాడండి" అని వచ్చే సంచికకు ఒకరు వ్యాసం పంపుతారని నాకు తెలుసు. దయచేసి పంపకండి. పప్పులో చిటికెడు పసుపు వేరు, దాన్ని పిండి సారం తీసి, ఒంటికి ఎక్కువ పట్టడానికి మిరియాల సత్తు కలిపి గొట్టంలో నింపినది వేరు. అలాంటి పసుపు మాత్రలతో కాలేయం దెబ్బతిన్న రోగుల వివరాలను అమెరికా వైద్యులు 2022లో ప్రకటించారు. సీసా మీద సీమ దొర బొమ్మ ఉన్నా, గడ్డం ఋషి బొమ్మ ఉన్నా అడగవలసిన ప్రశ్న ఒకటే: ఎంతమందికి ఇచ్చి చూశారు, ఎన్నేళ్ళు చూశారు, ఇవ్వనివాళ్ళతో పోల్చారా? ఇంట్లో నిలవ పెట్టిన ఉసిరికాయ పచ్చడిని నేనేమీ అనలేదని వదినగారికి మనవి.

ఇంత కోపం దేనికని అన్నగారు అడగవచ్చు. చెబుతాను. 1998లో మొదటిసారి సెలవు మీద వెళుతూ మా నాన్నకు ఒక సీసా కొన్నాను. బీటా కెరోటిన్, వంద మాత్రలు. నాన్న గోదావరి జిల్లాలో బడిపంతులు చేసి దిగినవాడు, చుట్ట మనిషి. ఊపిరితిత్తులకు మంచిదని సీసా మీద లేదు గాని, అమ్మినవాడు చెప్పాడు. అప్పటికి ఫిన్లాండు ఫలితం అచ్చయి నాలుగేళ్ళు. అమెరికా పరీక్ష ఆగిపోయి రెండేళ్ళు. కెమికల్ ఇంజనీరునైన నేను, పంపు బేరింగు కొంటే మూడు కంపెనీల కాగితాలు చదివేవాణ్ణి, నాన్న నోట్లో వేసేదాని గురించి ఒక్క కాగితం చదవలేదు. ఎనిమిదేళ్ళు పంపాను. వెళ్ళిన ఏడు నా చేతులమీదుగా, వెళ్ళని ఏడు ఎవరో ఒకరి పెట్టెలో. వెళ్ళని ఏళ్ళే ఎక్కువ. షట్‌డౌన్ పనులనీ, పిల్లల పరీక్షలనీ. సీసా వెళితే నేను వెళ్ళినట్టే అనిపించేది. ఇది మనలో చాలామందికి తెలిసిన లెక్కే, ఎవరమూ పైకి అనం.

నాన్న ఒక్క పూట మానకుండా వేసుకున్నాడు. అరుగుమీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళకు సీసా చూపించేవాడు. చుట్ట మానమని ఊళ్ళో డాక్టరు అంటే, "మా వాడు పంపిన మందేసుకుంటన్నాను కదండీ, అది చూసుకుంటది" అనేవాడట. అమ్మ ఆ మాట నాకు ఫోనులో మురిసిపోతూ చెప్పింది, నేనూ మురిసిపోయాను. 2006లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయాడు. మాత్రవల్ల పోయాడని నేననను. ఒక్క మనిషి విషయంలో అలా తేల్చడానికి ఏ లెక్కా లేదు. యాభై ఏళ్ళ చుట్ట ఉంది. కాని ఆ చుట్ట మానకపోవడానికి ఆయనకు ఒక సాకు కావలసివచ్చినప్పుడు, దాన్ని దినార్లు పోసి కొని, బబుల్ కవరు చుట్టి పంపినవాణ్ణి నేను.

జగిత్యాల కుర్రవాడికి రెండు సీసాలూ వద్దని చెప్పాను. బాపును జగిత్యాలలోనో కరీంనగర్‌లోనో సర్కారు దవాఖానకు తీసుకెళ్ళి, కఫం పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే తీయించమన్నాను. వాడి మొహం పడిపోయింది. ఎక్స్‌రే పెట్టెలో పెట్టి పంపడానికి వీలుకాదు కదా. "ఏమన్న పంపకుంటె ఎట్ల సారూ, ఇంటికివోయి మూడేండ్లాయె" అన్నాడు. బీడీ మానడానికి బాపుకు రోజూ ఫోను చేసి అడుగు, అది పంపు అన్నాను. వాడు ఒప్పుకున్నాడో లేదో తెలియదు. వాడు కొనకపోయినా మన పుట ఇంకో పది ఫోన్లలో తిరుగుతూనే ఉంటుంది.

కాబట్టి సంపాదకులకు నా అభ్యర్థన: గత సంచికలోని ఆ పట్టిక తప్పని, పొగ త్రాగేవారు బీటా కెరోటిన్ మాత్రలు వాడకూడదని, ఈ వ్యాసం వేసినా వేయకపోయినా, వచ్చే సంచిక మొదటి పుటలో పెద్ద అక్షరాలతో వేయించండి. అన్నగారు జవాబు వ్రాస్తే సంతోషం. గళ్ళు గీసే అలవాటు మానకండి, అన్నగారూ. ఈసారి ఇంకొక గడి చేర్చండి, పరీక్షలో ఏమి తేలిందని.

పోయిన సెలవులో ఇంటికి వెళితే వంటింటి గూట్లో ఆఖరు సీసా కనిపించింది. అమ్మ అందులో మెంతులు పోసుకున్నది. మూత గట్టిదట, చీమ పట్టదట.